పన్నెండు కండువాలు, ఒక నీళ్ళచెంబు

మా హోసూరులో నాకొక పేరుండేది, గయ్యాళి అని. కుట్టుమిషను తొక్కే గయ్యాళి. నా ఎదురుగా మాత్రం ఎవరూ అనలేదు, అనే ధైర్యం ఎవరికుంది గనక! ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయాయి, పళ్ళు ఊడిపోయాయి, కోపం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. ఆ కోపం నా జన్మలో ఒకే ఒక్కసారి మంచిపనికి వచ్చింది. అది చెబుతాను.

అరవైల మొదట్లో సంగతి. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మద్రాసు నుంచి ఒక సినిమా కంపెనీ దిగి, ఊరి బయట పాడుబడిన బంగళా ఒకటి బాడుగకు తీసుకుంది. ఊరంతా పనులు మానేసి బంగళా గోడలెక్కి కూర్చుంది. నేను పోలేదు. పండగ ముందర జాకెట్లు గుట్టపడి ఉంటే ఎవరి ముఖం చూడటానికి పోతాను? సినిమానే నా దగ్గరికి వచ్చింది. బట్టల మేనేజరు ఒకాయన చెమటలు కక్కుకుంటూ వచ్చి, ఒక కాగితం నా మిషను మీద పెట్టాడు.

"ఇవన్నీ కుట్టేవి కుట్టి, జరీ వేసేవి వేసి వారంలో ఇవ్వాలమ్మా. మీ ఊళ్ళో నీ చెయ్యే మంచిదన్నారు."

"ఏం సినిమా అప్పా ఇది?"

"మీ ఊరి కథే. నలభై ఏళ్ళ కిందట ఇక్కడొక కవిమండలి ఉండేదటగా. దాని మీదే."

నా కాలు మిషను తొక్కడం ఆపేసింది. ఎందుకంటే ఆ కవిమండలి జరిగింది మా ఇంట్లో. మా మగ్గాల కొట్టంలో. అందులో కూర్చున్నవాళ్ళలో ఇంకా బతికి ఉన్నది ఒకే ఒక్క మనిషి. మా అవ్వ, అంటే మా నాయనను కన్నతల్లి. ఆ పొద్దు కూడా ఇంట్లో గోడకానుకుని ఉన్ని వడుకుతూ ఉంది.

సంతోషం పట్టలేకపోయాను. కాగితం తీసి చదివాను. కవులు పన్నెండు మంది: పట్టుపంచెలు పన్నెండు, జరీ కండువాలు పన్నెండు. జట్కావాడు, గేటు దగ్గర నిలబడేది: చిరుగుల చొక్కా ఒకటి. నీళ్ళు పోసే ఆడమనిషి: చీర ఒకటి, జాకెట్టు ఒకటి, చెంబు కంపెనీది.

మళ్ళీ చదివాను. వెనక్కి తిప్పి చూశాను. అంతే.

"ఆడమనిషి ఒక్కతేనా?"

"ఒక్కతే."

"ఆమె కూర్చోదా?"

మేనేజరు నా వైపు ఒక చూపు చూశాడు. "నీళ్ళు పోసే మనిషి కవుల మధ్య కూర్చుంటే ఎలాగమ్మా?"

ఒళ్ళు భగ్గుమంది. మెడలో ఉన్న కొలత టేపు తీసి నేలకు కొట్టాను. కాగితం మడిచి జాకెట్లో దోపుకుని, ఆయన "అమ్మా, అమ్మా" అంటూ ఉంటే అంగడి తలుపు వేసి ఇంటికి నడిచాను.

మా ఇల్లు కంబళ్ళు నేసే ఇల్లు. ఇంట్లో ఏ మూల చూసినా చింతగింజల గంజి వాసన, గొర్రెబొచ్చు వాసన. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు, మాకేమో ఆ వాసన లేకపోతే నిద్ర పట్టదు. అవ్వ ముందర కూలబడి కాగితం గట్టిగా చదివి వినిపించాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. అవ్వ పకపకా నవ్వింది.

"పన్నెండు మందా? యాడుండారే అంతమంది! వానొస్తే అయిదు మందే. డెంకణికోట పక్కనుండి ఒక రైతు వస్తా ఉండె, ఇంట్లో కన్నడం, పద్యం మాత్రం తెలుగులో చెప్పేవాడు. వాళ్ళ రాగి చేలల్లో ఏనుగులు పడినాయంటే ఆ వారం వాడు గూడా లేడు."

"నవ్వులాటగా ఉందా అవ్వా నీకు? నిన్ను నీళ్ళు పోసేదాన్ని చేసినారు."

అప్పుడు రాట్నం ఆపింది. "నీళ్ళా? ఎవురికి?"

"కవులకు."

"ఎవురి నీళ్ళు వాళ్ళే తెచ్చుకొనేది కదే! బడి అయ్యవారు మా ఇంట్లో నీళ్ళు తాగితే వాళ్ళింట్లో ఆయప్పను ఇంట్లోకి రానిస్తారా? నీళ్ళు పోసేదానికి ఆడ ఎవురూ లేరు. ఉండేదానికి వీల్లేదు."

కవిమండలి గురించి చిన్నప్పటి నుంచి తునకలు తునకలుగా విన్నదే. ఆ పొద్దు మొదటిసారి కుదురుగా అడిగాను, అవ్వ చెప్పింది. సంత మరునాడు మగ్గాలకు పని ఉండదు. మధ్యాహ్నం కొట్టంలో పెద్ద నల్ల కంబళి పరిచేవాళ్ళు. బడి అయ్యవారు ఒకరు. జట్కా తోలే సాయిబు ఒకరు, ఆయనకు తెలుగు రాతా ఉరుదూ రాతా రెండూ వచ్చు. ఇంట్లో అరవం మాట్లాడే, కుండలు చేసే కుండలమ్మ ఒకామె. డెంకణికోట రైతు. మా తాత, అవ్వ, మా తాత తల్లి. మా ముత్తవ్వ పద్యాలు చెప్పేది కాదు. కోడలు నలుగురిలో ఎలా కూర్చుంటుందో చూడటానికి పక్కనే కూర్చునేది.

మండలికి ఒకటే నియమం. ఎవరి పద్యం వాళ్ళు చదవకూడదు.

పద్యం చీటీ మీద రాసి చేటలో వెయ్యాలి. రాత రానివాళ్ళకు సాయిబు రాసిపెట్టేవాడు, ఎవరిదేదో చచ్చినా బయటపెట్టేవాడు కాదు. చేట తిరుగుతుంది. చేతికందిన చీటీ తీసి చదవాలి. బాగుంటే అందరూ సెబాసంటారు, బాగులేకపోతే గమ్మునుంటారు. ఆ తర్వాతే చదివినవాళ్ళు "ఎవురిది?" అని మూడు మార్లు అడుగుతారు. రాసినవాళ్ళు చెయ్యెత్తాలి. ఎత్తకపోతే దాన్ని మళ్ళీ ఎవరూ అడగకూడదు.

"ఎందుకవ్వా ఈ తిరకాసు?"

"మొదట్లో ముఖం చూసి సెబాసంటా ఉండిరి. అయ్యవారు ఏం చెప్పినా సెబాసే. సిగ్గేసి ఆయప్పే పెట్టినాడు ఈ నియమం."

అవ్వ చదవడం నేర్చుకుంది ఆ చీటీల కోసమే. నలభై ఏళ్ళు గడిచినా చాలా పద్యాలు ఆమె నోట ఉన్నాయి. కంపెనీ వాళ్ళ కథలో గొప్ప పద్యంగా పెట్టుకున్నది మాత్రం అవ్వ ఎప్పుడూ మా ముందర చెప్పింది కాదు. అది నేను బంగళాలోనే మొదటిసారి విన్నాను.

మరునాడు ఆ ఒక్క జాకెట్టు కుట్టుకుని బంగళాకు పోయాను. పట్టుపంచెలు ముట్టలేదు. దర్శకుడు మామిడిచెట్టు నీడన కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. నడివయసు మనిషి, నెమ్మదైన గొంతు. జాకెట్టు ఆయన ఒళ్ళో పెట్టాను.

"ఇది తొడుక్కునే మనిషి మా అవ్వ సార్. ఆమె ఎవరికీ నీళ్ళు పోయలేదు. కూర్చుంది. పద్యాలు చెప్పింది."

చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను బయటికి పంపేవాళ్ళే. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. పెట్టెలోంచి ఒక పాత నోటుబుక్కు తీయించాడు. అది మండలి పుస్తకం. అయ్యవారు ఏ వారానికా వారం రాసి ఉంచినది, ఆయన తర్వాత ఆయన బంధువులు మద్రాసులో కంపెనీకి ఇచ్చారట. ప్రతి పద్యం కిందా ఒక పేరు ఉంది.

"మీ అవ్వ పేరు చూశాంలే అమ్మాయ్," అన్నాడు. "కానీ ఆమె పేరు కింద ఉన్నది చూడు, గీర్వాణం నిండిన పద్యం. కంబళ్ళు నేసే ఇంటి కోడలు ఇది రాసిందంటే నమ్మమంటావా? ఎవరో వేళాకోళానికి పేరు పెట్టారనుకున్నాం. ఇదిగో, అయ్యవారి పేరు కింద ఉన్నది చూడు. ఎంత సాదాగా, ఎంత లోతుగా ఉందో! మా సినిమాకి ఇదే ప్రాణం." ఆయనే చదివాడు:

కప్పుకున్నోళ్ళకు కంబళి తెలుసు
కంబళికేమో గొర్రె తెలుసు
గొర్రెకు నడిచిన గుట్టలు తెలుసు
నేసిన చెయ్యి ఎవరికి తెలుసు?

గణాలు లెక్కపెట్టేవాళ్ళు దీన్ని పద్యమనరు, పదమంటారు. ఏదైనా అనుకోనీ. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. వెంటనే నవ్వు కూడా వచ్చింది. ఎందుకంటే వీళ్ళు చేసిన పొరపాటు అర్థమైంది. పద్యం కింద పేరు చూస్తే ఎవరైనా రాసినవాళ్ళదే అనుకుంటారు. మా మండలిలో చదివేటప్పుడు ఎవరిదేదో తెలియదు, అందుకే అయ్యవారు రాసిపెట్టిన పేరు చదివినవాళ్ళది. అయ్యవారు రాసిన సంస్కృతం అవ్వ చదివింది. అయ్యవారు చదివింది ఇంకెవరో రాసినది. పుస్తకంలో ఉన్న పేర్లన్నీ ఒకరివి ఒకరి కిందకు మారిపోయి ఉన్నాయి!

అదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. దర్శకుడు పుస్తకంలో ఒక్కో పేజీ వెనక్కి తిప్పి పేర్లు మళ్ళీ చూశాడు.

"రేపు మీ ఇంటికి వస్తాను," అన్నాడు.

వచ్చాడు. అవ్వ కంబళి పరిపించింది. బెల్లం కాఫీ ఇస్తే తాగాడు. అవ్వ నా వైపు తిరిగి, "చూసినావా, కాలం మారిందే" అన్నట్టు కనుబొమలెత్తింది. ఆయన పుస్తకం తెరిచి ఆ గీర్వాణం పద్యం చూపించాడు.

"ఇది మీదేనా అవ్వగారూ?"

"అయ్యో, అయ్యవారిదప్పా అది. నేను చదివినాను. నోరు తిరగక చచ్చినాను. సాయిబు నవ్వి నవ్వి కంబళి మీద పడిపోయినాడు."

"మరి ఈ కంబళి పదం?"

అవ్వ చెయ్యి పక్కనున్న కదురు మీదికి పోయింది. "అయ్యవారు చదివినాడు. మూడు మార్లు అడిగినాడు. ఎవురూ చెయ్యెత్తలే."

"ఎవరు రాశారో మీకు తెలుసా?"

"ఎవురూ చెయ్యెత్తలే అంటా ఉండాను కదప్పా. ఎత్తనిదాన్ని అడగగూడదు."

ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తన మనసులో మాట ఒకటి బయటపెట్టాడు, పెద్దమనిషి కాబట్టి దాచకుండా చెప్పాడు. "సాయిబూ, నేతవాళ్ళూ, కుండలమ్మా, అయ్యవారూ ఒకే కంబళి మీద కూర్చున్నారని చూపిస్తే జనం నమ్మరు. బుద్ధులు చెబుతున్నామంటారు."

"బుద్ధులకు కూచోలేదప్పా మేము," అంది అవ్వ. "మంచి పద్యం వినాలని కూచున్నాం. అంత మంచోళ్ళమేం గాదు. ఎవురి చెంబు వాళ్ళ ముందర ఉండె. ఆ చెంబులు గూడా చూపించు, జనం నమ్ముతారు."

ఆ మాట వినగానే దర్శకుడి ముఖం వెలిగింది. దేవుడి ప్రసాదం దొరికినట్టు చేటలు, చెంబులు, చీటీలు అంటూ పక్కనున్నవాడి చేత రాయించుకుంటూ పోయాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "మీ అవ్వ వేషం నువ్వే వెయ్యాలి అమ్మాయ్," అన్నాడు. నేను నోరెత్తలేకపోయిన రోజు అదొక్కటే అని మా అమ్మ చనిపోయేదాకా చెప్పేది.

కండువాలకు జరీ కుట్టే పని తప్పింది. నాలుగు రకాల ముతక బట్టలు కుట్టాను. సాయిబుకు మాసికలు లేని చొక్కా. కుండలమ్మకు మోచేతులదాకా చేతులున్న రవికె. అయ్యవారికి అంచు పోయిన పంచె ఒకటి వెతికి తెచ్చాను. మేనేజరు నన్ను చూస్తే చాలు పక్కకు తప్పుకునేవాడు. పరుపులూ బాలీసులూ తీయించి మా ఇంటి కంబళి పరిచారు. హీరోగారిది లేత ఒళ్ళు, బొచ్చు గుచ్చుకుని షాటు షాటుకూ తొడలు గోక్కున్నాడు పాపం. అవ్వకు నీడలో కుర్చీ వేశారు. ఆమె కుర్చీలో కూర్చుని, సాయిబు వేషం వేసినాయన్ని లేపి అయ్యవారి పక్కన కూర్చోబెట్టించింది. "ఆయప్ప చోటు అది," అని చెప్పి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కంబళి పదం తీసే రోజు వచ్చింది. అయ్యవారి వేషంలో హీరో చీటీ చదవాలి, మూడు మార్లు అడగాలి, ఎవరూ చెయ్యెత్తకూడదు, ఆ మౌనంలో సీను అయిపోవాలి. అవ్వ చెప్పినట్టే. నేను తల వంచుకుని కూర్చున్నాను. అవ్వ కుర్చీలోంచి లేచి మెల్లగా నా దగ్గరికి వచ్చింది.

"చేతులు అట్ల గాదు. ఒళ్ళో పెట్టుకో. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకో."

పట్టుకున్నాను.

"గట్టిగా పట్టుకోవే. ఇంగా గట్టిగా."

కొత్తకోడలి అణకువ అలా ఉండేది కాబోలు అనుకున్నాను. వేళ్ళు తెల్లబడేదాకా పట్టుకున్నాను. దర్శకుడు ఒకే షాటులో సరే అన్నాడు.

మరుసటి ఏడు సినిమా వచ్చింది. గొప్పగా ఆడిందని అబద్ధమెందుకు చెప్పాలి? మా హోసూరు టెంటు హాలుకు అది రానే లేదు. కృష్ణగిరి టాకీసులో వేశారని తెలిసి, మా వీధి వీధంతా బస్సెక్కింది. శూలగిరి దాటేదాకా అవ్వ కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నం ఆట. ఆడవాళ్ళ వైపు బెంచీ మీద నేనూ అవ్వా పక్కపక్కన కూర్చున్నాం. మగవాళ్ళ వైపు మా నాయన, మా వీధి మగవాళ్ళు.

తెర మీద కంబళి పరిచారు. ఒక్కొక్కరూ వచ్చి కూర్చుంటున్నారు. ఒక చెంబు, ఇంకొక చెంబు, మట్టిముంత ఒకటి. సాయిబు అయ్యవారి పక్కన కూర్చున్నాడు. నేను కనబడగానే మా వీధివాళ్ళు వేసిన ఈలలకు హాలు అదిరింది. మాకెవరికీ కాళ్ళు నేల మీద ఆనలేదు. భాషల లెక్కన రాష్ట్రాలు విడగొట్టి, హోసూరును అరవం వైపు వదిలేసి గీత గీసినప్పటి నుంచి, మద్రాసులో అరవం వాళ్ళు మమ్మల్ని తెలుగోళ్ళన్నారు, అవతల తెలుగు వాళ్ళు అరవోళ్ళన్నారు. ఆ పొద్దు మాత్రం తెర నిండా మేమే, మా మాటే, మా ముతక బట్టలే. నేను కుట్టిన బట్టలు! ఆ గర్వం ఇన్నేళ్ళకూ తగ్గలేదు, తగ్గించుకోను కూడా.

హీరో చేటలోంచి చీటీ తీశాడు. కంబళి పదం చదివాడు. హాల్లో ఈలలు ఆగిపోయాయి. తెర మీద అందరూ సెబాసన్నారు.

"ఎవరిది?" అని అడిగాడు.

తెర మీద నా తల వంగి ఉంది. సాయిబు వేషగాడు చిన్నగా దగ్గాడు.

"ఎవరిది?"

కెమెరా నా ఒళ్ళోకి దిగింది. పారిపోయే కోడిపిల్లను పట్టుకున్నట్టు నా ఎడమచెయ్యి నా కుడిచేతిని పట్టుకుని ఉంది. తీసే రోజు నాకు అర్థం కానిది అప్పుడు అర్థమైంది. అది అణకువ కాదు. లేవబోయే చేతిని ఆపుకోవడం. చప్పున అవ్వ వైపు తిరిగాను.

"ఎవరిది?" మూడో మారు.

నా పక్కన చీకట్లో అవ్వ కుడిచెయ్యి లేచింది. ఉన్ని వడికీ వడికీ వంకరపోయిన వేళ్ళతో, నిటారుగా, తెరను సగం కప్పేలా లేచింది.

వెనక బెంచీలో ఒకామె గొణిగింది. "చెయ్యి దించు అవ్వా. ఏమీ కనబడలే మాకు."

అవ్వ దించలేదు. తెర మీది నుంచి చూపు తిప్పకుండా నాకు మాత్రమే వినబడేలా అంది: "ఆ పొద్దు నా పక్కన మా అత్త కూచోనుండె. ఈ పొద్దు నువ్వుండావు."

నేను లేచి నిలబడ్డాను. వెనక్కి తిరిగాను. హోసూరు గయ్యాళినని కృష్ణగిరికి తెలియాలిగా!

"దించదమ్మా," అన్నాను హాలంతా వినబడేలా. "ఆ పదం మా అవ్వది."

సినిమా నడుస్తూనే ఉంది. మగవాళ్ళ వైపు నుంచి మా నాయన గొంతు "సెబాసు" అంది.